ఆటలో అరటిపండు

మన ఇళ్ళల్లో పిల్లలు ఆటకు దిగితే ఒక మాట తప్పక వినిపిస్తుంది. దాగుడుమూతలు కానివ్వండి, దొంగా పోలీసు కానివ్వండి, అన్నల వెంట, అక్కల వెంట పడి నాలుగేళ్ళ బుడతడు "నేనూ వస్తా" అని పేచీ పెడతాడు. వద్దంటే లోపలికి వెళ్ళి అమ్మతో చెబుతాడు. రమ్మంటే ఆట సాగదు. అప్పుడు పెద్దపిల్లలు ఒకరికొకరు కన్నుగీటుకుని "సరే రా, నువ్వు ఆటలో అరటిపండు" అంటారు. వాడు పరుగెత్తుతాడు, అరుస్తాడు, మంచం కింద దాక్కుంటాడు. దొరికినా వాడు దొంగ కాడు. వాడి గెలుపు గెలుపూ కాదు, ఓటమి ఓటమీ కాదు. నాలుగేళ్ళవాడికి అంతకంటే కావలసింది లేదు. కానీ డెబ్భై ఏళ్ళ పెద్దమనిషిని ఆటలో అరటిపండును చేస్తే ఆయనకు ఎలా ఉంటుంది?

ఈసారి ఈ శీర్షికలో ఈ ప్రశ్న ఎత్తడానికి కారణం గోల్ఫ్. "అది దొరల ఆట, మన పత్రికలో ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. దొరలు తెచ్చిన మాట నిజమే. బెంగుళూరు గోల్ఫ్ క్లబ్బు 1876లో పుట్టింది. కోలారు బంగారు గనుల్లో తెల్లదొరలు తమ క్లబ్బుతో పాటు గోల్ఫ్ మైదానం కూడా వేసుకున్నారు. గనులు 2001లో మూతపడ్డాయి, దొరలు అంతకు చాలా ముందే వెళ్ళిపోయారు, ఆట మాత్రం మన దేశంలో నిలిచిపోయింది. అదీ దొరబాబుల చేతుల్లోనే నిలవలేదు. సంచీ మోసే కుర్రవాళ్ళు దొరల ఆట చూసి చూసి వారికంటే బాగా నేర్చుకున్నారు. బెంగుళూరులో కేడీగా మొదలుపెట్టిన సి. మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఇప్పుడు మనవాళ్ళలో రిటైరైన ఇంజనీర్లు, బ్యాంకు ఆఫీసర్లు, సాఫ్ట్‌వేరు పిల్లలు ఆదివారం తెల్లవారుజామునే సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతున్నారు. పరుగెత్తలేని వయసులో కూడా ఆరేడు కిలోమీటర్లు నడిపించి, నలుగురితో కబుర్లు చెప్పించే ఆట ఇది. అందుకే దీని మంచిచెడ్డలు మనకూ కావాలి.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. మైదానంలో 18 గుంటలుంటాయి. ఒక్కొక్క గుంటకు ఒక లెక్క ఉంది, దాన్ని పార్ అంటారు. పార్ 4 అంటే, బాగా ఆడేవారు నాలుగు దెబ్బల్లో బంతిని గుంటలో వేయాలి. మొత్తం మీద తక్కువ దెబ్బలతో పూర్తి చేసినవారిది గెలుపు. చెప్పడానికి ఇంతే. ఆడబోతే చెట్లు, చెరువులు, ఇసుక గుంటలు, మోకాలెత్తు గడ్డి, అన్నీ బంతి కోసమే కాచుకుని ఉంటాయి. క్రికెట్‌లో బంతి పోతే ఫీల్డర్లు వెతుకుతారు. ఇక్కడ కొట్టినవాడే వెతుక్కోవాలి. దొరక్కపోతే శిక్ష కూడా అతనికే.

ఆ శిక్ష ఎలాంటిదో చూడండి. బంతి హద్దు దాటినా, పొదల్లో పోయినా, కొట్టిన చోటికే తిరిగి నడిచి వెళ్ళి మళ్ళీ కొట్టాలి. పోయిన దెబ్బ లెక్కలోనే ఉంటుంది, దాని మీద ఇంకొకటి జరిమానా. అంటే రెండోసారి కొట్టేది మూడో దెబ్బ అన్నమాట. పోటీల్లో ఆడే కుర్రవాడికి ఇది న్యాయమే. మోకాళ్ళ నొప్పుల మనిషికి, వెనక ఇంకో నలుగురు నడుం మీద చేతులు వేసుకుని ఎదురుచూస్తుండగా, నూటయాభై గజాలు వెనక్కి నడవడం మాత్రం ఆట కాదు, ప్రాయశ్చిత్తం.

మా ఆదివారం జట్టులో ఒక పెద్దాయన ఉన్నారు. వయసు 70 దాటింది. మేమంతా బాబాయిగారు అంటాం. రిటైరైన తరువాత ఆట మొదలుపెట్టారు. జట్టులోనే మరొక మిత్రుడు చిన్నప్పటి నుంచి పోటీల్లో ఆడినవాడు, రూల్సు పుస్తకం కంఠతా వచ్చినవాడు. ఒక ఆదివారం బాబాయిగారి బంతి మూడో గుంట దగ్గర పొదల్లో పడి కనబడలేదు. "ఇక్కడే ఎక్కడో వేసుకుని ఆడేస్తాను" అన్నారాయన. "రూలు రూలే కదండీ బాబాయిగారూ" అన్నాడు మిత్రుడు, మర్యాదగానే. ఆయన మారు మాట్లాడకుండా వెనక్కి నడిచారు. రెండో బంతి కూడా పోయింది. ఆ ఒక్క గుంటకు ఆయన కార్డు మీద 11 పడింది. తొమ్మిదో గుంట కాగానే సంచీ దించి, "మీరు కానివ్వండి నాయనా, నాకు కాఫీ చాలు" అన్నారు. తరువాత రెండు ఆదివారాలు రాలేదు. ఫోను చేస్తే పిన్నిగారు తీసి, "కర్రలన్నీ అటక మీద పెట్టించేశారమ్మా, మిమ్మల్ని నిలబెట్టడం ఆయనకు ఇష్టం లేదట" అని చెప్పారు.

జట్టులో ఒకరు సలహా చెప్పారు. "ఆయన్ను రమ్మందాం. ఎలా ఆడినా ఏమీ అనొద్దు. లెక్క అడగొద్దు." సరేనన్నారు అందరూ. ఆయన వచ్చారు. పొదల్లో పడ్డ బంతిని చేత్తో తీసి గడ్డి మీద పెట్టుకున్నా ఎవరూ మాట్లాడలేదు. గుంట గుంటకూ మిగతా ముగ్గురూ "నీకెంత, నాకెంత" అని అడుగుతూ కార్డు రాసుకున్నారు. ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆరో గుంట దగ్గర ఆయన చాలా బాగా ఆడి ఐదు దెబ్బల్లో ముగించారు. అప్పుడూ అడగలేదు. ఆయన చిన్నగా నవ్వి, "ఏం నాయనా, నన్ను ఆటలో అరటిపండును చేశారా?" అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

రూల్సు సడలించడమనే మాటలో ఉన్న చిక్కు ఇక్కడ బయటపడుతుంది. బిగిస్తే మనిషి ఆట వదిలిపెడతాడు. పూర్తిగా వదిలేస్తే ఆటే మనిషిని వదిలేస్తుంది. ఈ రెంటి మధ్య దారి ఉందా? ఉంది. ఆ దారి వేసినవారు కూడా గోల్ఫ్ పెద్దలే.

కొంచెం వెనక్కి వెళదాం. గోల్ఫ్‌కు మనకు తెలిసిన మొదటి రాతరూల్సు 1744లో స్కాట్లండులో, ఎడిన్‌బరో పక్కనున్న లీత్ మైదానంలో పుట్టాయి. అవి మొత్తం 13. ఒక్క కాగితం మీద పట్టేస్తాయి. బంతి పోతే కొట్టిన చోటికి తిరిగి వెళ్ళాలన్న రూలు వాటిలోనే ఉంది. బంతికి మనిషో గుర్రమో కుక్కో అడ్డుపడితే ఆగిన చోటి నుంచే ఆడాలని కూడా ఉంది. ఆ రూల్సు రాసుకున్న సందర్భం గమనించండి. ఎడిన్‌బరో నగరంవారు వెండికర్రను బహుమతిగా పెట్టి, దేశంలో ఎక్కడి ఆటగాడైనా రావచ్చునన్నారు. రోజూ కలిసి ఆడేవారికి కాగితం అక్కరలేదు. వేరే ఊరివాడు వస్తున్నాడంటేనే, ముందుగా ఒక మాట అనుకోవాలి.

ఇది మనకు కొత్త సంగతి కాదు. పెళ్ళిళ్ళలో హోసూరు నుంచి ఒకరు, బరంపురం నుంచి ఒకరు, షోలాపూరు నుంచి ఒకరు వచ్చి పేకముక్కలు ముందు వేసుకుంటే, కలపడానికి ముందే "మీ వైపు ఎలా ఆడతారండీ?" అని అడుగుతాం కదా. జోకర్లు ఎన్ని, డ్రాపుకు ఎంత, మిడిల్ డ్రాపుకు ఎంత అన్నీ ముందే తేల్చుకుంటాం. అష్టాచెమ్మా వేసినా అంతే. ఇంటింటికీ రూలు మారుతుంది. మారినందుకు ఎవరూ తగవులాడరు. మధ్యలో మారిస్తే మాత్రం లేచి వెళ్ళిపోతారు.

గోల్ఫ్ రూల్సు కూడా కాలంతో మారుతూనే వచ్చాయి. ఒకప్పుడు గుంటకూ మీ బంతికీ మధ్య ఎదుటివాడి బంతి అడ్డంగా ఉంటే, దాన్ని తీయమనే హక్కు మీకు లేదు. చుట్టూ తిప్పో, పైనుంచి ఎగరేసో కొట్టాల్సిందే. 1952లో ఆ పద్ధతి ఎత్తేశారు. 2019లో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందున్న 34 రూల్సును 24 చేశారు. బంతిని వెతికే సమయం ఐదు నిమిషాల నుంచి మూడు నిమిషాలకు తగ్గించారు. ఒకే ఊపులో కర్ర పొరపాటున బంతికి రెండుసార్లు తగిలితే అంతవరకూ జరిమానా ఉండేది, అది పోయింది. గుంట చుట్టూ ఉండే నున్నటి గ్రీను మీద బంతి చెయ్యి తగిలో కాలు తగిలో కదిలితే మళ్ళీ అక్కడే పెట్టుకోవచ్చు, శిక్ష లేదు. జెండాకర్రను తీయకుండానే బంతిని గుంటలోకి తట్టవచ్చు. సిద్ధంగా ఉన్నవారు ముందు కొట్టేయమని కూడా ప్రోత్సహించారు. 2023లో అంగవైకల్యం ఉన్న ఆటగాళ్ళ కోసం 25వ రూలు చేర్చారు. దాని ప్రకారం చక్రాల కుర్చీలో ఉన్నవారికి, చూపు లేనివారికి తగిన వెసులుబాట్లు ఎవరి దయ వల్లా కాదు, హక్కుగానే వస్తాయి.

బాబాయిగారి పొదల బంతికి కూడా 2019లోనే మందు దొరికింది. క్లబ్బువారు కావాలనుకుంటే ఒక స్థానిక రూలు పెట్టుకోవచ్చు. బంతి పోతే వెనక్కి నడవనక్కరలేదు. పోయిన చోటికి సమీపంగా, ఫెయిర్‌వే అంచు దాకా వచ్చి ఇంకొక బంతి జారవిడిచి ఆడవచ్చు. దానికి రెండు దెబ్బల జరిమానా. పైకి ఇది దానంలా కనబడుతుంది. లెక్క వేసి చూడండి. వెనక్కి వెళ్ళినవాడు మూడో దెబ్బ కొడతాడు, ఆ బంతి బాగా పడితే అక్కడి నుంచి నాలుగోది కొడతాడు. ముందే జారవిడిచినవాడూ అక్కడి నుంచి కొట్టేది నాలుగో దెబ్బే. అంటే దాదాపు లెక్క అదే, నడక మాత్రం మిగిలింది. పెద్ద పోటీలకు, వృత్తిగా ఆడేవారికి ఇది తగదని రూలు పెట్టినవారే చెప్పారు. ఎవరికి ఏది తగునో చూసి పెట్టడమే ఇందులోని పెద్దరికం.

ఇక ఆ 11 సంగతి. పేకాటలో ఎంత చెత్త ముక్కలు పడినా ఫుల్ కౌంట్ 80 దాటదు. చేతిలో నూటపది ఉన్నా 80తో సరి. ఆ హద్దు లేకపోతే ఒక్క ఆటతోనే మనిషి మునిగిపోతాడు, తరువాత కూర్చోడు. గోల్ఫ్‌లో కూడా 2019 నుంచి గరిష్ఠ స్కోరు అనే ఆటపద్ధతిని రూల్సులో చేర్చారు. పార్‌కు రెట్టింపు అనో, మరొకటనో ముందే ఒక హద్దు పెట్టుకుంటారు. పార్ 4 గుంటలో ఎనిమిది దెబ్బలకు చేరితే ఇక బంతి జేబులో వేసుకుని, కార్డు మీద 8 రాసుకుని, తరువాతి గుంటకు నడవవచ్చు. ఒక గుంట పోతుంది, ఉదయమంతా పోదు.

దీనికంటే పాతది, నా మట్టుకు నాకు ఇంకా ముచ్చటైనది, స్టేబుల్‌ఫర్డ్ పద్ధతి. ఇంగ్లండులో లివర్‌పూల్ దగ్గర సముద్రపొడ్డున వాలసీ అనే క్లబ్బుంది. అక్కడ ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అనే డాక్టరుగారు 1932లో ఈ పద్ధతితో పోటీ పెట్టించారు. దెబ్బలు లెక్కపెట్టి కుంగిపోవడానికి బదులు ప్రతి గుంటకూ మార్కులివ్వడం ఇందులోని సూత్రం. పార్‌తో ముగిస్తే 2, ఒక దెబ్బ ఎక్కువైతే 1, రెండో అంతకంటే ఎక్కువో అయితే సున్నా. ఒక దెబ్బ తక్కువైతే 3. సున్నా కంటే కిందికి ఎవరూ పోరు.

దీనికి హేండికాప్ తోడైతే అసలు అందం వస్తుంది. హేండికాప్ అంటే కొత్తవారికి, వయసు మీరినవారికి వారి వారి శక్తిని బట్టి ముందే ఇచ్చే దెబ్బల రాయితీ. 2020లో ప్రపంచమంతటికీ ఒకే హేండికాప్ పద్ధతి తెచ్చినప్పుడు ఈ రాయితీ హద్దును ఆడవారికీ మగవారికీ ఒకేలా 54 చేశారు. మైదానాన్ని బట్టి కాస్త అటూ ఇటూ మారినా, గుంటకు సుమారు మూడు దెబ్బలన్నమాట. పార్ 4 గుంటలో అంత రాయితీ ఉన్నవారు ఏడు దెబ్బలు కొట్టారనుకోండి. ఏడులో మూడు పోతే నాలుగు, 2 మార్కులు. రాయితీ ఏమీ లేని చాంపియన్ నాలుగు దెబ్బల్లో ముగిస్తే అతనికీ 2 మార్కులే. తాతగారూ, చాంపియనూ ఆ గుంటలో సమానం. ఎవరూ తాతగారిని గెలిపించలేదు. ఆయన తన శక్తికి తగినట్టు ఆడి సంపాదించుకున్నారు. అరటిపండుకూ ఆటగాడికీ తేడా ఇదే. అరటిపండు ఆట లెక్కలోకి రాదు. ఆటగాడి లెక్క వేరే కొలతతోనైనా సరే, లెక్కలోకి వస్తుంది.

"ఇలా సడలించుకుంటూ పోతే ఆట ఎక్కడ మిగులుతుందండీ?" అని మా రూల్సు మిత్రుడు అడిగాడు. ఆ ప్రశ్న తోసిపుచ్చదగ్గది కాదు. పెద్ద పోటీల్లో రూలు ఎంత కఠినంగా ఉంటుందో చెప్పే కథ ఒకటుంది. 1968 మాస్టర్స్ పోటీ. అర్జెంటీనా ఆటగాడు రొబెర్తో దె విసెంజోకు చివరి రోజున 45వ పుట్టినరోజు. 17వ గుంటను ఆయన మూడు దెబ్బల్లో ముగించాడు. వేలమంది చూశారు. కార్డు రాసే తోటి ఆటగాడు పొరపాటున 4 వేశాడు. దె విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టాడు. సంతకం పెట్టిన అంకె ఎక్కువైతే అదే ఖాయమన్నది రూలు. ఆ ఒక్క దెబ్బతో బాబ్ గోల్బీతో తేల్చుకోవలసిన ఆట లేకుండానే ఓడిపోయాడు. ప్రపంచమంతా చూసే పోటీలో అలాగే ఉండాలంటే ఉండనివ్వండి. కాఫీ పందెం కోసం ఆడే ఆదివారం ఆటకు ఆ కత్తి అక్కరలేదు.

అదే ఆట మరుసటి సంవత్సరం ఇంకో ముఖం చూపించింది. 1969లో ఇంగ్లండులోని రాయల్ బర్క్‌డేల్‌లో బ్రిటన్, అమెరికా జట్ల మధ్య రైడర్ కప్. చివరి జోడీలో అమెరికా జాక్ నిక్లస్, ఇంగ్లండు టోనీ జాక్లిన్. ఆఖరి గుంట. జాక్లిన్ బంతి గుంటకు దగ్గరలో ఉంది, తట్టడమొకటే మిగిలింది. అది తప్పితే అమెరికా గెలుస్తుంది. నిక్లస్ ఆ బంతిని కొట్టనివ్వకుండానే "పడినట్టే" అని ఇచ్చేశాడు. పోటీ 16-16తో సమానమైంది. మన ఆదివారం ఆటల్లో "దగ్గరుంది, తీసేయండి" అంటామే, అదే. ఇద్దరిద్దరు తలపడే ఆటలో ఇది రూల్సుకు లోబడినదే. ఒక్క షరతు, ఇచ్చే హక్కు ఎదుటివాడిది. తనకు తాను ఇచ్చుకునేది వరం కాదు.

చెడేది కూడా సరిగ్గా అక్కడే. సడలింపు అంటూ ఎవరికి వారే ఇచ్చుకోవడం మొదలైతే ఆట చెడిపోతుంది. మొదటి దెబ్బ పాడైతే లెక్క లేకుండా ఇంకొకటి కొట్టడాన్ని మల్లిగన్ అంటారు. మన సందుల్లో పిల్లల క్రికెట్‌లో ట్రయల్ బాల్ లాంటిదే. రూల్సు పుస్తకంలో లేదు, స్నేహితుల మధ్య ఉంది. ఒకటైతే ముచ్చట. ఒక పెద్దమనిషి ఒక ఉదయం నాలుగు తీసుకుని, ఏడు దెబ్బలకు ఐదు రాసుకుని, పందెం టిఫిను కూడా గెలుచుకోవడం నేను చూశాను. బల్ల దగ్గర దోసెలు వచ్చాయి, మాటలు మాత్రం రాలేదు. ఆ నలుగురూ మళ్ళీ కలిసి ఆడలేదు.

దీనికి ఎదురుగా 1925 అమెరికా ఓపెన్ గుర్తు చేసుకోండి. బాబీ జోన్స్ కొట్టబోతుండగా గడ్డిలో బంతి కొద్దిగా కదిలింది. ఆయన తప్ప ఎవరూ చూడలేదు. తన మీద తానే ఒక దెబ్బ జరిమానా వేసుకున్నాడు. చివరికి విల్లీ మక్‌ఫార్లేన్‌తో సమానమై, తేల్చే ఆటలో ఓడిపోయాడు. ఆ ఒక్క దెబ్బ లేకపోతే కప్పు ఆయనదే. గోల్ఫ్‌లో ప్రతి బంతి వెంటా అంపైరు ఉండడు. ఎవరికి వారే అంపైరు. అందువల్ల శిక్ష తగ్గించుకోవచ్చు గాని, లెక్క మార్చుకోకూడదు. ఎనిమిది దెబ్బలకు శిక్ష లేదని నలుగురూ అనుకోవచ్చు. ఎనిమిదిని ఆరు అనడానికి ఎవరికీ అధికారం లేదు.

ఇవన్నీ మాట్లాడుకుని మా జట్టు ఒక కాగితం రాసుకుంది. రాసింది ఎవరో కాదు, ఆ రూల్సు మిత్రుడే. బాబాయిగారి కోసం వేరే రూలు పెట్టలేదు. నలుగురికీ ఒకటే. మీలో ఆడేవారికి పనికొస్తుందేమోనని ఇక్కడ ఇస్తున్నాను.

ఒకటి, ఏ సడలింపు ఉన్నా మొదటి దెబ్బకు ముందే చెప్పుకోవాలి. మధ్యలో కొత్తది పుట్టకూడదు. రెండు, బంతిని వెతకడం మూడు నిమిషాలే, గడియారం చూసి. మూడు, పోయిన బంతికి వెనక్కి నడక లేదు, రెండు దెబ్బలు వేసుకుని ముందు నుంచి ఆడాలి. నాలుగు, పార్‌కు రెట్టింపు దాటితే బంతి జేబులోకి. ఐదు, ఫెయిర్‌వే మీద బంతి బురదలోనో గతుకులోనో పడితే జానెడు దూరంలో మంచిచోట పెట్టుకోవచ్చు, గుంటకు దగ్గరగా మాత్రం జరపకూడదు. పొదల్లో, ఇసుకలో ఈ వెసులుబాటు లేదు. ఆరు, మొదటి గుంట దగ్గర ఒకే ఒక్క ట్రయల్ బాల్. ఏడు, "తీసేయండి" అనేది ఎదుటివారు, అదీ బంతి కర్రపొడవు లోపల ఉంటేనే. ఎనిమిది, ఎవరు ఏ టీ నుంచి కొట్టాలనేది వారి వారి దెబ్బదూరాన్ని బట్టి. ముందు టీ ఆడవారిదనే మాట లేదు. తొమ్మిది, సిద్ధంగా ఉన్నవారు ముందు కొట్టాలి, ఎదుట మనిషి లేడని చూసుకున్న తరువాతే. పది, లెక్క స్టేబుల్‌ఫర్డ్ పద్ధతిలో, నలుగురి లెక్కా నలుగురూ గుంట గుంటకూ అడిగి రాసుకోవాలి.

కాగితం కింద ఆయనే ఇంకో రెండు వాక్యాలు చేర్చాడు. ట్రయల్ బాల్ వాడుకున్న రోజు స్కోరును హేండికాప్ కోసం క్లబ్బులో ఇవ్వకూడదు. పెచ్చు లేచిన గడ్డిని పూడ్చడం, ఇసుకలో అడుగుజాడలు చదును చేయడం, బంతి ఎవరి మీదికైనా పోతుంటే "ఫోర్" అని గట్టిగా కేకవేయడం, ఇంకొకరు కొడుతుంటే మాట్లాడకపోవడం, ఈ నాలుగింటికీ ఏ సడలింపూ లేదు. ఎందుకంటే అవి మన స్కోరుకు సంబంధించినవి కావు, ఇతరులకు సంబంధించినవి.

ఈ పద్ధతిలో ఆడితే మా నలుగురికీ ఆట త్వరగా అవుతోంది. ఎండ ముదరకముందే ఇంటికి చేరుతున్నాం. రెండు కుటుంబాల నుంచి ఇల్లాళ్ళు కూడా నేర్చుకోవడం మొదలుపెట్టారు. 18 గుంటలు ఆడే ఓపిక, తీరిక లేనివారు 9 గుంటలతో ఆపేస్తున్నారు. అదీ ఆటే. ఒక మిత్రుడి పన్నెండేళ్ళ మనవరాలు సెలవులకు వస్తే ముందు టీ నుంచి కొడుతుంది. ఆ పిల్ల లెక్క కూడా కార్డు మీద పడుతుంది. లెక్క తప్పు చెబితే తాతను నిలదీస్తుంది.

పోటీలకు వెళ్ళాలనుకునే పిల్లలకు ఒక హెచ్చరిక. ఈ కాగితం మీకు మెట్టు మాత్రమే. అసలు రూల్సు నేర్చుకోక తప్పదు. సందులో ఒక పిచ్ క్యాచ్‌కు అలవాటు పడినవాడు స్కూలు జట్టులో ఎలా తడబడతాడో, ఇక్కడా అలాగే తడబడతారు. నెలకొకసారైనా ఏ సడలింపూ లేకుండా ఆడి చూసుకోండి. పెద్దలకు కూడా అది మంచిదే. సడలించింది ఏమిటో తెలియాలంటే బిగువు ఎక్కడుందో తెలియాలి కదా.

మన సంఘాల్లో ఏటా జరిగే ఆటలపోటీలకు కూడా ఈ మాట వర్తిస్తుందని నాకనిపిస్తుంది. షటిల్ కానివ్వండి, క్యారమ్స్ కానివ్వండి, పెద్దవారినీ కొత్తవారినీ "ఊరికే సరదాకి రండి" అని పిలిచి, బహుమతుల లెక్కలో పక్కన పెడుతుంటాం. వారికి సరదాతో పాటు ఒక కొలత కూడా ఇచ్చి చూడండి. రాయితీ పాయింట్లు ఇవ్వండి, హద్దు పెట్టండి, తరువాత నిజంగా లెక్కపెట్టండి. మరుసటి ఏడు పిలవకుండానే వస్తారు.

బాబాయిగారి కర్రలు అటక మీద నుంచి దిగాయి. మొన్నటి ఆదివారం ఆయనకు 31 మార్కులు, రూల్సు మిత్రుడికి 30. కార్డు మీద సంతకం పెట్టే ముందు ఆయన కళ్ళజోడు సవరించుకుని 18 గుంటల లెక్కా ఒక్కొక్కటే వేలు పెట్టి మళ్ళీ కూడి చూసుకున్నారు. ఆ రోజు కాఫీలకు డబ్బులిచ్చింది మా రూల్సు మిత్రుడే.